చిన్నప్పుడు చూసిన 'అంజి'ని ఇప్పుడు మళ్ళీ చూడటం ఎలా?

2004 సంక్రాంతి నాటికి మీరు స్కూల్లో చదువుతుంటే, చిరంజీవి సినిమా 'అంజి' మీద మీకు రెండు అభిప్రాయాలు ఉండే ఉంటాయి. ఒకటి ఆ వయసులో మీకు మీరే ఏర్పరచుకున్నది: మంచుకొండలు, ఆత్మలింగం, ఆకాశం నుంచి దిగే గంగ, రెప్ప వేయకుండా చూసిన క్లైమాక్స్. రెండోది తర్వాత ఎప్పుడో జనం మాటల్లోంచి అంటుకున్నది: ఏళ్ళ తరబడి తీశారు, ఆడలేదు, గ్రాఫిక్స్ కోసం కథను వదిలేశారు. ఇప్పుడు ఎవరైనా అడిగితే రెండో అభిప్రాయమే చెప్పేస్తాం. మొదటిది చెప్పడానికి మొహమాటం.

ఈ వ్యాసం మూడో అభిప్రాయం ఏర్పరచుకోవడానికి. నా మటుకు నాకు ఇది లోపాలున్న సినిమా, అంతకు తగ్గ ఊహా ఉన్న సినిమా. ఒకదాని పేరు చెప్పి రెండోదాన్ని కొట్టిపారేయకూడదు. అలా విడదీసి చూడటానికి కొంచెం పద్ధతి కావాలి. ఒక వారాంతం కేటాయిస్తే చాలు. 'దేవీ పుత్రుడు', 'సాహసవీరుడు సాగరకన్య' లాంటి వేరే సినిమా మీ మనసులో ఉన్నా ఇదే పద్ధతి పనికొస్తుంది.

1. చూడకముందే గుర్తున్నది రాసిపెట్టండి

ట్రైలర్ చూడొద్దు, కథ చదవొద్దు. ఒక కాగితం తీసుకుని మీకు గుర్తున్నవన్నీ వరసగా రాయండి. కథ రాయాల్సిన పనిలేదు, బొమ్మలు రాయండి. ఏ దృశ్యం, ఏ రంగు, ఎక్కడ భయమేసింది, ఎక్కడ బోర్ కొట్టింది, పక్కన ఎవరున్నారు.

ఇది ముందే చేయాలి. సినిమా మొదలైన పది నిమిషాలకే కొత్త దృశ్యాలు పాత జ్ఞాపకం మీద కూర్చుంటాయి. ఆ తర్వాత ఏది అప్పటిదో, ఏది ఇప్పటిదో తేల్చుకోలేరు.

ఇంకో చిక్కుంది. ఆ రోజుల్లో ఈ తరహా సినిమాలు చాలావరకు ఒకే దర్శకుడి చేతి మీదుగా వచ్చాయి. కోడి రామకృష్ణ 1995లో 'అమ్మోరు', 1999లో 'దేవి', 2001లో 'దేవీ పుత్రుడు', 2004లో 'అంజి' తీశారు. కేబుల్ టీవీలో ఇవన్నీ తిప్పితిప్పి వేసేవారు. అందుకే సముద్రం అడుగున ద్వారక కనిపించేది 'దేవీ పుత్రుడు'లో అయినా, అది 'అంజి'లోనే ఉందని ప్రమాణం చేసి చెప్పేవాళ్ళు నాకు తెలుసు. అనుమానం ఉన్నచోట పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. చూశాక సరిచూసుకోవచ్చు.

నా కాగితంలో మొదటి లైను: "నీళ్ళు చాలా పైనుంచి పడతాయి, కింద లింగం చాలా చిన్నది." హీరోయిన్ గురించి ఒక్క ముక్క కూడా లేదు. ఈ రెండు సంగతులూ తర్వాత పనికొచ్చాయి.

2. సరైన కాపీ వెతకండి

ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. ఎందుకంటే చాలామంది ఈ సినిమాను సరిగ్గా చూసి ఉండరు. హాల్లో చూడనివాళ్ళు పాత డబ్బా టీవీలో చూశారు. మన పెద్ద సినిమాలు సినిమాస్కోప్‌లో ఉంటాయి, అంటే వెడల్పు ఎత్తుకు దాదాపు 2.35 రెట్లు. పాత టీవీ తెర 4:3. స్కోప్ బొమ్మను ఆ తెర నిండా చూపించాలంటే రెండు పక్కలా కోసేయాలి. లెక్క వేస్తే దాదాపు 43 శాతం బొమ్మ పోతుంది. కొండ, గుహ, గుడి, వాటి మధ్య చీమంత మనిషి అన్న కొలత మీద నడిచే సినిమాకు ఇది చిన్న నష్టం కాదు.

కాపీ బాగుందో లేదో ఇలా చూడండి:

- పేర్లు పడేటప్పుడు అక్షరాలు తెర అంచుల దగ్గర తెగిపోతున్నాయా?
- ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకుంటుంటే ఒకరి ముఖం సగమే కనిపిస్తోందా?
- మనుషులు సన్నగా పొడుగ్గానో, పొట్టిగా లావుగానో కనిపిస్తున్నారా? అయితే బొమ్మను సాగదీశారు.

నిడివి కూడా పోల్చండి. పాత డిస్కుల్లో, టీవీ ప్రింట్లలో కొన్ని నాలుగు శాతం పొట్టిగా ఉంటాయి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, మన టీవీ పద్ధతి 25. ఆ వేగానికి పరిగెత్తిస్తే 150 నిమిషాల సినిమా 144 నిమిషాలకే అయిపోతుంది, గొంతులు రవ్వంత సన్నబడతాయి. అది కోత కాదు. తేడా అంతకంటే ఎక్కువుంటే మాత్రం పాటలో సీన్లో లేపేశారని అర్థం. హక్కులున్నవాళ్ళు పెట్టిన కాపీనే చూడండి. దొంగ కాపీల్లో చీకటి సీన్లు నల్లటి ముద్దలైపోతాయి.

ఇప్పటి టీవీల్లో ఒక సెట్టింగ్ ఉంటుంది, కదలికలను నున్నగా చేసేది. దాన్ని ఆపేయండి. లేకపోతే ఏ సినిమా అయినా సీరియల్‌లా కనిపిస్తుంది, పాత గ్రాఫిక్స్ అయితే మరీ అతికించినట్టుంటాయి. రంగులు గాఢంగా చూపించే మోడ్ కూడా తీసేసి 'సినిమా' మోడ్ పెట్టండి. గదిలో లైట్లు ఆర్పండి.

3. వెనక కథ కాస్త తెలుసుకోండి

మొత్తం తవ్వక్కర్లేదు. ఈ నాలుగు సంగతులు చాలు.

నిర్మాత శ్యాంప్రసాద్ రెడ్డి, దర్శకుడు కోడి రామకృష్ణ. 'తలంబ్రాలు' (1986), 'ఆహుతి' (1987), 'అంకుశం' (1989), 'అమ్మోరు' (1995) తీసిన జంట ఇదే. అంటే గ్రాఫిక్స్ మోజుతో కొత్తగా దిగినవాళ్ళు కారు. కుటుంబ కథా, రాజకీయ కోపం, గ్రామదేవత మహిమ అన్నీ తెరకెక్కించి జనంతో చూపించినవాళ్ళు. చిరంజీవికీ ఈ దర్శకుడు కొత్త కాదు. కోడి రామకృష్ణ మొదటి సినిమా 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య' (1982)లో హీరో ఆయనే.

'అంజి' నిర్మాణం దాదాపు ఆరేళ్ళు సాగింది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే సినిమాలో సగం అతుకులకు కారణం తెలుస్తుంది. ఈ ఆరేళ్ళలో కంప్యూటర్ గ్రాఫిక్స్ ఎక్కడినుంచి ఎక్కడికో వెళ్ళాయి. మొదలుపెట్టినప్పుడు అబ్బురం అనిపించేది పూర్తయ్యేసరికి మామూలైపోయింది.

అదే కాలంలో చిరంజీవి కూడా మారారు. 2002లో 'ఇంద్ర', 2003లో 'ఠాగూర్' వచ్చాయి. ఆ రెండు సినిమాల ఊపులో ఉన్న అభిమాని 2004 జనవరిలో హాల్లోకి వెళ్తే, అనాథ పిల్లల్ని పెంచుకునే అడవి మనిషి ఎదురయ్యాడు. ఆ పాత్ర పుట్టిందేమో 'ఇంద్ర' కంటే ముందు. జనం చూసిందేమో తర్వాత. ఆ ఖాళీ నష్టం చేసిందని నా నమ్మకం. దానికి తోడు అదే సంక్రాంతికి 'వర్షం', 'లక్ష్మీ నరసింహా' కూడా వచ్చాయి.

ఇక నాలుగోది తిన్నూ ఆనంద్. 'ఆదిత్య 369' (1991)లో టైమ్ మెషీన్ కనిపెట్టిన ప్రొఫెసర్‌గా మనం ఇష్టపడ్డ మనిషే ఇక్కడ విలన్ భాటియా. ఆ ముఖాన్ని మంచివాడిగా చూసి పెరిగినవాళ్ళకు ఇది ఇంకా బాగా గుచ్చుకుంటుంది.

4. మొదటిసారి ఆపకుండా చూడండి

ఫోన్ వేరే గదిలో పెట్టండి. ఇంటర్వెల్ దగ్గర ఒక్కసారే ఆపండి. పాట వచ్చినా, కామెడీ నచ్చకపోయినా ముందుకు జరపొద్దు. ఎక్కడ జరపాలనిపించిందో కాగితం మీద టైమ్ మాత్రం రాసుకోండి.

మొదటి భాగాన్ని మాత్రం శ్రద్ధగా చూడాలి. సినిమా అసలు బలం అక్కడుంది. కథ 1932లో మొదలవుతుంది. 72 ఏళ్ళకొకసారి ఆకాశగంగ దిగి ఆత్మలింగం మీద పడుతుంది. ఆ నీళ్ళు తాగినవాడికి చావుండదు, దైవశక్తులొస్తాయి. అంతే నియమం. దీన్ని కాసేపు ఆలోచించండి.

1932కు 72 కలిపితే 2004. అంటే సినిమా విడుదలైన ఏడే. హాల్లో కూర్చున్న పిల్లవాడికి "అది ఇప్పుడే, ఈ సంవత్సరమే" అని చెబుతోంది కథ. జానపదాల్లో లాగా అనగనగా ఒక ఊళ్ళో అనకుండా పురాణాన్ని తెచ్చి గోడ మీది క్యాలెండర్‌లో పెట్టింది.

రెండోది, ఆ 72 అనే అంకె. పన్నెండేళ్ళైతే పుష్కరంలా మళ్ళీ వస్తుందిలే అనుకోవచ్చు. వెయ్యేళ్ళైతే మనిషికి సంబంధమే లేదు. 72 మాత్రం దాదాపు ఒక మనిషి ఆయుష్షు. ఒకసారి తప్పితే రెండోసారి చూడటానికి మిగలకపోవచ్చు, మిగిలినా ముసలి ఒళ్ళు. చావు అంటే భయం ఉన్నవాడికి ఇంతకంటే పెద్ద టెన్షన్ ఏముంటుంది? తెలుగు తెర మీద విలన్లు పొలాల కోసం, పరువు కోసం, సీటు కోసం ఊళ్ళు తగలబెడుతున్న రోజుల్లో, ఇక్కడ ఒక కోటీశ్వరుడికి కావలసింది చావకుండా ఉండటం. డబ్బుతో దొరకనిది అదొక్కటే కాబట్టి. ఫ్యాంటసీకి కావలసిన పునాది ఇదే: ఒక స్థలం, ఒక ఘడియ, ఒక లింగం, ఒక ఫలం. నాలుగూ స్పష్టంగా ఉన్నాయి. పదేళ్ళ పిల్లవాడు కూడా ఒక్కసారి విని ఇంకొకడికి చెప్పగలడు. మనం చెప్పుకున్నాం కూడా.

5. లోపాలను మూడు రకాలుగా విడగొట్టండి

చూడటం అయ్యాక కాసేపు ఆగి, నచ్చనివన్నీ రాయండి. తర్వాత ఒక్కోదాని పక్కన ఇది ఎవరి లోపమో రాయండి.

కాలం లోపం: గ్రాఫిక్స్‌లో అతుకులు, వెలుతురు కలవకపోవడం, మంచు మంచులా లేకపోవడం. ఆనాటి సాధనాలతో, మన బడ్జెట్‌తో అంతకంటే బాగా చేయడం కష్టమైనవి ఇక్కడికి వస్తాయి.

మార్కెట్ లోపం: పెద్ద హీరో సినిమా అంటే ఇన్ని పాటలు, ఇన్ని ఫైట్లు, ఇంత కామెడీ అన్న లెక్క. మీరు ముందుకు జరపాలనుకున్న టైములు చూడండి, చాలావరకు ఈ వరసలోనే పడతాయి. హిమాలయాల రహస్యం చెప్పి ఊరించి, దాన్ని అలాగే వదిలి పాటకు వెళ్ళిపోవడం కథను బాగా దెబ్బతీసింది. ఇది ఈ ఒక్క సినిమా జబ్బు కాదు.

సినిమా సొంత లోపం: ఇది అన్నిటికంటే ముఖ్యం, దీని గురించే తక్కువ మాట్లాడతారు. ఒక ప్రశ్న వేసుకోండి. అంజికి తనకంటూ ఏం కావాలి? అతను మొదటి నుంచీ మంచివాడే. నాగబాబు వేసిన శివన్న మీద గౌరవం, పిల్లల మీద ప్రేమ, ఆపదలో ఉన్నవాళ్ళకు అడ్డుపడే గుణం అన్నీ ముందే ఉన్నాయి. చావులేని వరం చేతికందేంత దూరంలో ఉన్నా, ఆ ఆశ అతన్ని ఎక్కడా గట్టిగా లాగదు. అందుకని పరీక్ష అంతా ఒంటికే, మనసుకు కాదు. విలన్‌కి ఉన్న కోరికలో సగం బలమైనదైనా హీరోకి ఉండుంటే ఈ సినిమా వేరేలా ఉండేది. నమ్రతా శిరోద్కర్ చేసిన స్వప్న పాత్ర కూడా కథను మోసుకొచ్చి అంజి చేతిలో పెట్టాక తనకు పని లేనిదైపోతుంది. నా కాగితంలో ఆమె ఎందుకు లేదో అప్పుడు అర్థమైంది.

ఈ మూడూ విడగొట్టాక చాలామందికి ఒక విషయం తేలుతుంది. "గ్రాఫిక్స్ వల్లే పోయింది" అన్న పాత తీర్పు నిలబడదు. గ్రాఫిక్స్ ఎక్కువున్న మొదలు, చివర ఇప్పటికీ కూర్చోబెడతాయి. గ్రాఫిక్స్ లేని మధ్యభాగమే జారిపోతుంది.

6. రెండోసారి గ్రాఫిక్స్ కోసం చూడండి

మర్నాడు మొదటి భాగం, క్లైమాక్స్ మాత్రమే పెట్టండి. ఈసారి ఎన్నిసార్లైనా ఆపండి.

అంచులు చూడండి. నటుణ్ణి నీలం లేదా ఆకుపచ్చ తెర ముందు నిలబెట్టి తీసి, వెనక వేరే బొమ్మ పెడతారు. జుట్టు దగ్గర, వేగంగా కదిలే చేతి దగ్గర ఆ తెర రంగు సన్నని గీతలా మిగిలిపోతుంది. తర్వాత నీడలు. మనిషి మీద వెలుతురు ఎడమనుంచి, కొండ మీద కుడినుంచి ఉంటే కన్ను వెంటనే ఒప్పుకోదు, కారణం మాత్రం చెప్పలేదు.

రేణువులు, అంటే ఫిల్మ్ బొమ్మలో ఇసుకలా కనిపించే గరుకు, కూడా చూడండి. అప్పుడు తీసింది ఫిల్మ్ మీద. గ్రాఫిక్స్ కావలసిన షాట్‌ను స్కాన్ చేసి కంప్యూటర్లోకి తీసుకుని, పని అయ్యాక మళ్ళీ ఫిల్మ్ మీదికి ఎక్కించేవాళ్ళు. ఖరీదైన పని కాబట్టి కావలసిన షాట్లకే చేసేవారు. అందుకే ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కు వెళ్ళేటప్పుడు బొమ్మ కాస్త మెత్తబడటమో, గరుకెక్కడమో జరుగుతుంది. అది కనిపిస్తే గ్రాఫిక్స్ షాట్ మొదలైందని పట్టేయొచ్చు.

అన్నిటికంటే ఆసక్తికరం నీళ్ళు. నీళ్ళు, నిప్పు రెండూ ఎఫెక్ట్స్ వాళ్ళను ఏడిపిస్తాయి. చిన్న నమూనా గుడి కడితే గోడలు, గోపురాలు పెద్దవాటిలా కనిపించేలా చేయొచ్చు కానీ, దానిమీద పోసిన నీటి చుక్క మాత్రం మామూలు చుక్క సైజులోనే ఉంటుంది. అందుకే నమూనాలను కెమెరా వేగం పెంచి తీస్తారు, తెర మీద నెమ్మదిగా, బరువుగా కనిపించడానికి. దానికో లెక్కుంది: నమూనా ఎన్నో వంతు చిన్నదో ఆ అంకెకు వర్గమూలం. 16వ వంతు నమూనా అయితే నాలుగు రెట్లు, అంటే సెకనుకు 96 ఫ్రేములు. కంప్యూటర్లో నీళ్ళు పుట్టించడం ఆ రోజుల్లో హాలీవుడ్‌కే కష్టం. ఇది తెలిశాక ఆకాశగంగ దిగే షాట్లు మళ్ళీ చూడండి. ఎక్కడ నీరు నీరులా ఉంది, ఎక్కడ వెలుగులా ఉంది, ఎక్కడ పొగలా ఉంది అని విడదీయండి.

నాకు మాత్రం అతుకులు కనిపించినా ఆ బొమ్మ చెక్కుచెదరలేదు. పైన కొలతకందనంత ఆకాశం, కింద అరచేతిలో పట్టేంత లింగం, ఆ రెండింటినీ కలిపే ధార. ఎంత పెద్దది ఎంత చిన్నదానిలో ఒదుగుతోందో ఒక్క చూపులో తెలుస్తుంది. ఇది కంప్యూటర్ చేసిన పని కాదు, ఎవరో కూర్చుని ఊహించిన పని. 2004 సంవత్సరపు జాతీయ సినిమా అవార్డుల్లో స్పెషల్ ఎఫెక్ట్స్ పురస్కారం ఈ సినిమాకే వచ్చింది. ఫ్లాప్ అన్న మాటతో పాటు ఈ మాట కూడా చెప్పుకోవాలి.

7. ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని వినండి

క్లైమాక్స్‌లో ఒక ముక్క తీసుకుని బొమ్మ చూడకుండా వినండి. తర్వాత అదే ముక్క శబ్దం ఆపేసి చూడండి. మణిశర్మ నేపథ్య సంగీతం ఎంత బరువు మోస్తోందో అప్పుడు తెలుస్తుంది. చప్పుడు లేకుండా చూస్తే అతుకులన్నీ బయటపడతాయి, చప్పుడుతో చూస్తే వాటిని దాటి వెళ్ళిపోతాం. టీవీ స్పీకర్ల కంటే హెడ్‌ఫోన్స్ నయం.

8. పిల్లలతో చూడాలంటే

మీరొక్కరే చూశాకే పిల్లలకు చూపించండి. "మా చిన్నప్పుడు ఇదే గొప్ప" అని మొదలుపెట్టొద్దు. అలా అన్నారంటే వాళ్ళు సినిమాను కాకుండా మిమ్మల్ని చూడటం మొదలుపెడతారు. మాంత్రికుల సీన్లు, రక్తం ఉన్న సీన్లు చిన్నపిల్లలకు భయం. ఆరేడేళ్ళ వాళ్ళకైతే ఆగండి. రీమా సేన్ మిరపకాయ బజ్జీ పాట లాంటివి దాటవేసినా కథకు నష్టం లేదు. రెండు పూటలుగా చూడండి.

మధ్యలో ఆపి వివరించొద్దు. అయిపోయాక ఒక్కటే అడగండి: "నీకు ఆ నీళ్ళు దొరికితే తాగుతావా?" మా ఇంట్లో పిల్ల వెంటనే "అందరికీ సరిపోతాయా?" అని అడిగింది. సినిమా అడగని ప్రశ్న అది. గ్రాఫిక్స్ గురించి ఒక్క మాట కూడా అనలేదు.

9. కాగితం మళ్ళీ తీయండి

గుర్తున్నవాటిని సినిమాతో పోల్చి మూడు వరసలు చేయండి: ఉన్నది ఉన్నట్టే గుర్తున్నవి, మారిపోయినవి, అసలు సినిమాలో లేనివి. మూడో వరసను పారేయొద్దు. అవి మీరు సొంతంగా కల్పించినవి, సినిమా ఇచ్చిన నియమం మీద మీరు కట్టుకున్నవి. ఆ వరస పొడుగ్గా ఉంటే సినిమా ఊహ పనిచేసిందనే లెక్క.

ఇక అభిప్రాయం రాయండి, అర పేజీ చాలు. రేటింగ్ వద్దు. ఐదుకి రెండున్నర అనేస్తే మీరు విడదీసినవన్నీ మళ్ళీ కలిసిపోతాయి.

10. తర్వాత 'అరుంధతి' చూడండి

2009 సంక్రాంతికి ఇదే నిర్మాత, ఇదే దర్శకుడు 'అరుంధతి' తెచ్చారు, పెద్ద విజయం సాధించారు. కోడి రామకృష్ణ 2019 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆయన ఫ్యాంటసీల్లో ఎక్కువమంది తలుచుకునేది దాన్నే. కానీ 'అంజి' చూసిన వెంటనే చూస్తే అది వేరేగా కనిపిస్తుంది. అక్కడా తరాల కిందట మొదలైన కథే, అక్కడా గడువుంది, అక్కడా కోరిక చావని దుష్టుడున్నాడు. ఈసారి మాత్రం కథానాయికకు సొంత బాకీ ఉంది, అది ఎవరూ తెచ్చి చేతిలో పెట్టింది కాదు. ఆ దుష్టుడు పశుపతి నీడ పడని సీన్లు తక్కువ. మధ్యలో పాటల కోసం భయాన్ని పక్కన పెట్టరు.

వీలైతే 'అమ్మోరు', 'అంజి', 'అరుంధతి' వరసగా మూడు వారాలు పెట్టుకోండి. ప్రతి సినిమాలో ఒకటే గమనించండి: హీరో లేదా హీరోయిన్‌కు సొంతంగా ఏం కావాలో మనకు ఎన్నో నిమిషానికి తెలిసింది? ఆ అంకె పక్కన, మీరు మొదటిసారి ఫోన్ వైపు చూడాలనుకున్న నిమిషం రాసుకోండి.